మందు కొట్టినవాడు

అక్కాతమ్ముళ్ళిద్దరూ ఒకే తోటలో పనిచేసేవారు. తోటంటే కాయలు కాసే తోట కాదు. ఒక పెద్ద కంపెనీ ఆఫీసు చుట్టూ ఉన్న పచ్చిక, గోడలా సమంగా కత్తిరించిన పొదలు, గేటు నుంచి మెట్ల దాకా రెండు వరసల గులాబీ మడులు. వెనకవైపు జనరేటరు గదిని ఆనుకుని పచ్చటి వల కప్పిన షెడ్డొకటి ఉండేది. నారు పోయడం, అంట్లు కట్టడం, కుండీలు మార్చడం అన్నీ అక్కడే. అక్కకి యాభై దాటాయి. పద్దెనిమిదేళ్ళుగా అక్కడే ఉండటంతో చైర్మన్ నుంచి వాచ్‌మన్ దాకా అందరూ ఆమెని తోటమ్మ అనే పిలిచేవారు. పెళ్ళయిన మూడేళ్ళకే మొగుడు పోయాడు, పిల్లల్లేరు. తమ్ముణ్ణి పెంచింది ఆమే.

తమ్ముడు అంతకుముందు సరుకుల ఆటో తోలేవాడు. తాగుడు మరిగి ఆటో పోగొట్టుకున్నాడు. ఒకసారి పెళ్ళాన్నీ పోగొట్టుకోబోయాడు. ఆమె చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టే మనిషి, మాటంటే మాటే. అన్నగారింటికి వెళ్ళిపోయి, "చుక్క ముట్టుకోనంటేనే వస్తా. మళ్ళీ ముట్టుకున్నావో, నువ్వు చచ్చినా నీ మొహం చూడను" అని కబురు పంపింది. అతను మానేశాడు. అప్పుడే తోటమ్మ సూపర్‌వైజర్ కాళ్ళావేళ్ళా పడి తమ్ముణ్ణి తోటలో పెట్టించింది.

మొదట్లో వాడికి తోటపనిలో ఒక్క మాటా అర్థమయ్యేది కాదు. గొప్పు తవ్వమంటే మొక్క పక్కన మోకాల్లోతు గొయ్యి తవ్వాడు. పిలకలు తీసెయ్యమంటే బలంగా ఉన్న కొత్త కొమ్మలు తీసేసి పిలకలే మిగిల్చాడు. "కలుపు చూడరా" అని సూపర్‌వైజర్ కేకేస్తే "ఏం కలపమంటారు సార్?" అన్నాడు. ఆ మాటకి తోటంతా వారం రోజులు నవ్వుకున్నారు. ఆ తరవాత వాడే ఆ మాట పదేపదే అని నవ్వించేవాడు. కానీ చెయ్యి మంచిది. రెండేళ్ళు తిరిగేసరికి తోటమ్మ కట్టిన అంటుకన్నా వాడు కట్టినదే ముందు చిగురించేది. నడుం నొప్పి అని ఆమె ఒకసారి అన్నందుకు, మందు పంపు మళ్ళీ ఆమె వీపుకెక్కనివ్వలేదు. ఎప్పుడు మందు కొట్టాల్సొచ్చినా వాడే కొట్టేవాడు.

ఆ శనివారం నాడు గులాబీలకి పేనుబంక పట్టింది. మొగ్గల కింద నల్లగా, జిగటగా. సోమవారం ఎవరో విదేశీ అతిథులు వస్తున్నారు. సూపర్‌వైజర్ నిమిషానికోసారి చేతి గడియారం చూసుకునే మనిషి, తోటవాళ్ళు అతన్ని చాటుగా గడియారం అనే పిలిచేవాళ్ళు. పొద్దున్నే షెడ్డులోకి వచ్చాడు.

"చిక్కగా కలుపు తోటమ్మా. ఒక్క దెబ్బకి పోవాలి."

"ట్యాంకుకి రెండు మూతలే పట్టాలండీ. సీసా మీదే రాసుంది."

"రాసినవాడు సోమవారం వచ్చి నా బదులు తిట్లు తింటాడా? నాలుగు పొయ్యి."

ఆమె నాలుగు పోసింది. ఆకులు మాడతాయేమోనని ఒక్క క్షణం అనుకుంది. మనిషి సంగతి తట్టలేదు.

పంపు పాతది. మూత దగ్గర వాషరు అరిగి వీపు మీదికి కారేది. గుడ్డ ముక్క చుట్టి వాడుకునేవారు. ముక్కుకి కట్టుకునే మాస్కు పట్టీ తెగి నెల దాటింది. వాడు చేతిరుమాలు కట్టుకుని, టీ కూడా తాగకుండా, ఆరింటికి మొదలుపెట్టాడు. గాలి ఎదురుగా వీస్తోంది. పదిన్నరకి పదకొండో ట్యాంకు ఖాళీ చేసేసరికి చొక్కా వీపంతా తడిసి అతుక్కుపోయింది. పొద పక్కన కూలబడ్డాడు.

"అక్కా, కళ్ళు మసకేస్తున్నాయే."

మాట ముద్దగా వచ్చింది. నోటి వెంట చొంగ కారుతోంది. లేవబోయి తూలాడు. ఆమె భుజం పట్టుకుని ఫస్టెయిడ్ గదిదాకా నడిపించింది. గుమ్మంలోనే కక్కుకున్నాడు.

ఆ గదిలో ఉండేది ఒక కాంపౌండర్. చెడ్డవాడేం కాదు. చెయ్యి తెగినా, కడుపునొప్పి వచ్చినా ఓపిగ్గా చూసేవాడు.

"ఏమైందమ్మా?"

"పొద్దున్నుంచీ మందు కొడుతున్నాడు బాబూ. ఎక్కువైనట్టుంది, తలకెక్కింది."

"పొద్దున్నుంచా?"

"ఆరింటి నుంచి. ఖాళీ కడుపుతో."

అతను ముక్కు మూసుకున్నాడు. "వాసన ఇక్కడిదాకా కొడుతోంది. అలవాటేనా?"

"నాలుగేళ్ళ నుంచీ అలవాటే. ఎప్పుడూ ఇలా అవలేదు."

కాంపౌండర్ తలాడించి, వాడి మొహం మీద చన్నీళ్ళు చల్లి, వాంతి గొంతుకి అడ్డం పడకుండా బల్ల మీద పక్కకి తిప్పి పడుకోబెట్టాడు. "కాసేపు పడుకుంటే దిగిపోతుందిలే. భయపడకు" అన్నాడు. చదువుకున్నవాడు, దిగిపోతుందన్నాడంటే దిగిపోతుందనే ఆమె అనుకుంది.

వరండాలో సూపర్‌వైజర్ ఎదురయ్యాడు. గడియారం చూసుకున్నాడు. "పడుకోబెట్టారుగా, ఇంకేం. కిందంతా ఎండుటాకులు పడున్నాయి, అవి ఏరు ముందు."

ఆమె వెళ్ళి ఎండుటాకులు ఏరింది. రెండు గంటలు. పన్నెండున్నరకి మనసాగక వెనక్కొచ్చి చూసేసరికి వాడి నోటి నిండా నురగ. తొడ కండరాలు చర్మం కింద పురుగులు పాకినట్టు కదులుతున్నాయి. పిలిస్తే పలకలేదు. ఆమె అరిచిన అరుపుకి పై అంతస్తు కిటికీలు తెరుచుకున్నాయి. కంపెనీ బండిలో ఎక్కించారు. దారిలో సిగ్నల్ దగ్గర ఊపిరి ఆగిపోయింది. తల ఆమె ఒళ్ళోనే ఉంది.

ఆస్పత్రిలో కాంపౌండర్ రాసిచ్చిన చీటీ చూసి, ఆ చీటీలో ఉన్నదే ఎక్కించుకున్నారు. కోసి చూడాలా అని ఎవరో అడిగితే, వెంట వచ్చిన కంపెనీ మనిషి "ఎందుకండీ, అంతా తెలిసిందేగా" అన్నాడు. ఆమె కూడా తలూపింది. తెలిసిందే కదా అనుకుంది. సోమవారం నాడు ఆఫీసు గుమాస్తా ఆమెని కూర్చోబెట్టి ఏమేం జరిగిందో అడిగాడు. ఆమె అవే మాటలు చెప్పింది. అతను ఏదో రాసుకుని కాగితం ముందుకి తోశాడు. కళ్ళనిండా నీళ్ళు, అక్షరాలు అలుక్కుపోయి కనిపిస్తున్నాయి. చూపించిన చోట సంతకం పెట్టింది.

ఆ కాగితం నకలు పదకొండో రోజున మరదలి పేరున ఇంటికి వచ్చింది. ముగ్గురూ ఒకే ఇంట్లో ఉండేవారు, రెండు గదులు, ఒక వంటిల్లు. మరదలు గుమ్మంలో నిలబడే చదివింది. ఒకసారి చదివి, మళ్ళీ పైకి చదివింది.

"మృతుడు మద్యం సేవించి విధులకు హాజరై, మత్తులో స్పృహ కోల్పోయి... మృతుని అక్క స్వయంగా ఇచ్చిన వాంగ్మూలం ప్రకారం, ఈ అలవాటు నాలుగు సంవత్సరాలుగా ఉన్నది."

తోటమ్మ కాగితం కోసం చెయ్యి చాచింది.

"నాలుగేళ్ళు" అంది మరదలు. "నాలుగేళ్ళూ అక్కాతమ్ముళ్ళిద్దరూ కలిసి నా కళ్ళు కప్పారన్నమాట. రోజూ నోరు వాసన చూసేదాన్ని వదినా, వాడు నిద్రపోయాక. సిగ్గులేకుండా చూసేదాన్ని. పగలు తాగుతాడని తట్టనేలేదు."

"నేనా మాట అనలేదే. నా నోటి వెంట ఆ మాట రాలేదు."

"ఈ సంతకం నీది కాదా?"

సంతకం ఆమెదే. వంకర టింకరగా, చివరి అక్షరానికి తోక పెట్టి.

మరదలు ఆ రోజు నుంచి ఏడవడం మానేసింది. వాడి బట్టలు మూటగట్టి అటక మీదికి తోసేసింది. ఫ్యాక్టరీలో ఎవరైనా పరామర్శిస్తే "తాగి పోయాడు" అని చెప్పి మిషన్ తొక్కుకునేది.

తోటమ్మ మర్నాడు పనికి వెళ్ళి, నేరుగా ఫస్టెయిడ్ గదికి వెళ్ళింది.

"బాబూ, మావాడు తాగాడని నేనెప్పుడన్నాను?"

కాంపౌండర్ తల పక్కకి తిప్పుకున్నాడు. "ఇప్పుడెందుకమ్మా అవన్నీ. పోయినవాడు పోయాడు. మందు కొట్టాడని నువ్వేగా చెప్పావు, పొద్దున్నుంచీ అని."

"కొట్టాడు. గులాబీలకి కొట్టాడు. పదకొండు ట్యాంకులు."

అతని మొహంలో రంగు దిగిపోవడం ఆమె చూసింది. స్టూలు వెతుక్కుని కూర్చున్నాడు. అద్దాల బీరువా వంక చూశాడు.

"పురుగుమందా?" అన్నాడు. "నేను... అమ్మా, నేను ఇంకో మందనుకున్నాను. పురుగుమందని ఒక్క ముక్క అని ఉంటే... దానికి విరుగుడు సూదులున్నాయి. ఆ పెద్దాస్పత్రి పది నిమిషాల దూరం."

ఆమె బయటికి నడిచింది. షెడ్డుకి వచ్చి, నారు సంచుల మధ్య నేల మీద కూర్చుంది. పద్దెనిమిదేళ్ళుగా తోటలో మందు అన్నప్పుడల్లా ఆమెకి అది మొక్కల మందే. చీడకి కొట్టేది మందు. తెగులుకి చల్లేది మందు. వేరుకి పోసేదీ మందే. గోడ అవతల మనుషులకి ఆ మాట ఇంకోలా వినపడుతుందని తెలియక కాదు, తమ్ముడు తాగే రోజుల్లో తనే ఆ మాట ఎన్నిసార్లు అందో. కానీ ఆ పూట, తమ్ముణ్ణి భుజాన వేసుకుని నడిపిస్తున్న పూట, అది గుర్తు రాలేదు. పురుగు అన్న ఒక్క ముక్క ముందు తగిలించి ఉంటే! అక్కడే కూర్చుని నోరు నొక్కుకుని ఏడ్చింది.

తరవాత కార్మిక శాఖ ఆఫీసుకి వెళ్ళి ఒక అర్జీ పెట్టింది. మూడుసార్లు తిప్పారు. నాలుగోసారికి విచారణ వేశారు. విచారణకి వచ్చిన అధికారి నలభై ఏళ్ళ ఆడమనిషి. కంపెనీ మీటింగ్ గదిలో కూర్చుని ఒక్కొక్కరినీ పిలిచి అడిగింది. కాంపౌండర్ తల వంచుకుని, తను తప్పుగా అర్థం చేసుకుని ఉండొచ్చని ఒప్పుకున్నాడు. గుమాస్తా తను విన్నదే రాశానన్నాడు. సూపర్‌వైజర్ గట్టిగానే మాట్లాడాడు.

"మేడమ్, ఆ మందు ఏళ్ళ తరబడి వాడుతున్నాం. ట్యాంకుకి రెండు మూతలు. ఇంతవరకూ ఒక్కడికి తలనొప్పి కూడా రాలేదు. దాంతో మనిషి పోయాడంటే నమ్మే మాటేనా? ఆయన పాత తాగుబోతని అందరికీ తెలుసు."

అధికారి తోటమ్మ వైపు తిరిగింది. "చూడండమ్మా, నాకు మొక్కల పని తెలీదు. మీ మాట మీకు ఒకటి, వీళ్ళకి ఒకటి. మీ పనిలో వాడే మాటలూ, వాటికి మీ అర్థాలూ ఒక కాగితం మీద రాసి తీసుకురండి. ఆ రోజు జరిగింది ఆ మాటల్లోనే వరసగా రాయండి. సోమవారంలోగా."

తోటమ్మ చేతిరాత కోడి కెలికినట్టుంటుంది. ఇంట్లో అందంగా రాయగలిగింది మరదలే. ఆదివారం మధ్యాహ్నం, అన్నాలయ్యాక, నోటుపుస్తకం తెచ్చి మరదలి ముందు పెట్టింది.

"నేను రాయను."

"కాంపౌండర్ ఒప్పుకున్నాడే."

"తప్పుగా అర్థం చేసుకుని ఉండొచ్చన్నాడు, నువ్వే చెప్పావుగా. ఉండొచ్చట! నా మొగుడు తాగాడో లేదో అది కూడా ఉండొచ్చేనా?"

"అందుకే రాయమంటున్నా. రాశాక నీకేది నిజమనిపిస్తే అదే నమ్ము."

మరదలు పుస్తకం దగ్గరికి లాక్కుంది. తరవాత కలం తీసుకుంది.

"పాదు" అని మొదలుపెట్టింది తోటమ్మ. "మొక్క మొదట్లో నీళ్ళు నిలవడానికి చుట్టూ గుండ్రంగా చేసే గట్టు. గొప్పు అంటే మొదలు చుట్టూ మట్టి పైపైన గుల్ల చెయ్యడం, వేరు తెగకుండా. మీవాడు దానికి గొయ్యి తవ్వాడు, అది రాయకు."

మరదలు రాయలేదు, కానీ పెదవి కొంచెం కదిలింది.

"తడి. ఒకసారి నిండా నీళ్ళు పెడితే ఒక తడి. పిలక అంటే అంటు కింద, అడుగు మొక్క నుంచి పొడుచుకొచ్చే కొమ్మ. అది తియ్యకపోతే పైదాన్ని చంపేస్తుంది. అంటు..."

"అంటు తెలుసు. ఇంట్లో కూడా కట్టాడుగా, ఆ డబ్బాలో." మరదలు తలెత్తలేదు. "రోజుకి నాలుగుసార్లు చూసేవాడు, బతికిందా బతికిందా అని."

"నారు గట్టిపరచడం. నీడలో పెంచిన నారుని రోజుకి కాసేపు ఎండలో పెట్టి అలవాటు చెయ్యడం. ఒక్కసారే ఎండలోకి తెస్తే చచ్చిపోతుంది. మందు..."

కలం ఆగింది.

"మందు అంటే పురుగుకి, తెగులుకి నీళ్ళలో కలిపి కొట్టేది. మందు కొట్టడం అంటే దాన్ని పంపుతో ఆకుల మీద చల్లడం. వేరే ఏదీ కాదు. మందు తలకెక్కడమంటే, కొట్టేటప్పుడు గాలికి మొహాన పడి కళ్ళు తిరగడం. మందు దిగడమంటే..."

ఒకదాని తరవాత ఒకటి చెబుతూ ఆ రోజు దగ్గరికి వచ్చారు. ఆరింటికి మొదలు. ఖాళీ కడుపు. చేతిరుమాలు. కారే పంపు. మరదలు వేగంగా రాస్తోంది. రాస్తూ రాస్తూ మధ్యలో "ఆ చొక్కా వీపంతా తడిసే వచ్చింది ఆస్పత్రి నుంచి. చెమట అనుకున్నా" అంది.  నెలన్నర తరవాత కళ్ళలోంచి మొదటి చుక్క కాగితం మీద పడింది. కొంగుతో అద్దింది.

"మరి రెండు మూతలకి ఏమీ కాదని ఆ గడియారం గాడు అంటున్నాడుగా వదినా?"

"కలపడం" అంది తోటమ్మ.  "కలపడమంటే మందు ఎంత, నీళ్ళు ఎంత అని కొలిచి పొయ్యడం. పలచగా కలపడమంటే రెండు మూతలు. చిక్కగా కలపడమంటే మూడో, నాలుగో. ఆ రోజు నాలుగు."

మరదలు తలెత్తింది. "ఎవరు పోశారు?"

"నేనే."

బయట నల్లా దగ్గర ఎవరో బిందె దింపిన చప్పుడైంది.

"సూపర్‌వైజర్ పొయ్యమన్నాడు" అంది తోటమ్మ. "కూడదన్నాను. ఒకసారే అన్నాను. రెండోసారి అనలేదు. పోసింది ఈ చెయ్యే."

మరదలు ఆమె చేతి వంక చూసింది. తిట్టలేదు. ముక్కూ మొహం తెలియనివాళ్ళతో మాట్లాడినట్టు అడిగింది.

"ఇది రాస్తే నీ మెడకే చుట్టుకుంటుంది, తెలుసా? ఆయన అన్నాడనడానికి సాక్ష్యం ఎవరు?"

"ఎవరూ లేరు."

"ఇది తీసేసి మిగిలింది రాస్తాను."

"తీసేస్తే రెండు మూతలే అవుతుందే. రెండు మూతలకి మనిషి పోడు. మీవాడు తాగుబోతుగానే మిగిలిపోతాడు. రాయి."

మరదలు రాసింది. నాలుగు అన్న మాట అంకెలోనూ అక్షరాల్లోనూ రాసింది. పుస్తకం మూసి లోపలి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆ తలుపు వెనక ఆమె మొగుడి కోసం వెక్కివెక్కి ఏడవడం తోటమ్మకి వినపడుతూనే ఉంది. తలుపు తట్టే ధైర్యం చాల్లేదు.

విచారణ నివేదిక రావడానికి ఇంకో రెండు నెలలు పట్టింది. మృతుడు మద్యం సేవించలేదని, పాత వాంగ్మూలంలోని ఆ మాటలు పొరపాటున రాసినవని, నోటి నురగ, కండరాల అదురు గుర్తులని బట్టి మరణానికి కారణం పురుగుమందు విషమని స్పష్టంగా రాశారు. తరవాతి పేజీలో, సీసా మీది మోతాదుకి రెట్టింపు కలిపింది మృతుని అక్క అని రాశారు. అలా కలపమని తాను చెప్పలేదని సూపర్‌వైజర్ అన్నాడు. చెప్పినట్టు రుజువు లేదు. పంపు కారుతున్నందుకు, మాస్కు లేనందుకు కంపెనీని మందలించారు. కాంపౌండర్‌ని వేరే చోటికి మార్చారు. తోటమ్మని నిర్లక్ష్యం కింద పనిలోంచి తీసేశారు. గేటు దగ్గర గుర్తింపు కార్డు తీసుకుంటూ వాచ్‌మన్ "ఎందుకమ్మా అంత నిజం చెప్పావు?" అన్నాడు. ఆమె కార్డు అతని చేతిలో పెట్టి గేటు దాటింది.

నివేదిక ఇల్లు చేరిన రోజున మరదలు అటక మీది మూట దింపి, వాడి బట్టలన్నీ ఉతికి ఆరేసింది. ఫ్యాక్టరీలో అందరికీ కాగితం చూపించి వచ్చింది. తరవాత వారానికి తన సామాను సర్దుకుంది. అన్నగారి ఊళ్ళో కూడా కుట్టు ఫ్యాక్టరీ ఉందంది. తోటమ్మ ఆపలేదు. బస్టాపు దాకా సంచి మోసింది.

బెంచీ మీద ఇద్దరూ చెరో చివర కూర్చున్నారు.

"నువ్వు కావాలని చెయ్యలేదని నాకు తెలుసు వదినా" అంది మరదలు. "నువ్వు రాయించకపోతే ఆయన్ని జీవితాంతం తిట్టుకుంటూ బతికేదాన్ని. అదీ తెలుసు. కానీ నువ్వు కంచంలో అన్నం పెడుతుంటే నాకు ఆ చెయ్యే కనిపిస్తోంది. నేనేం చెయ్యను చెప్పు."

"వెళ్ళమ్మా. నేనేమీ అనుకోను."

బస్సు మలుపు తిరగడం కనిపించింది. మరదలు లేచి, సంచి అందుకుని, మళ్ళీ ఆగింది.

"ఆఖర్న ఏమన్నా అన్నాడా? ఆ గదిలో వదిలి వచ్చేటప్పుడు?"

"పంపు కడిగి పెట్టు అక్కా, లేకపోతే నాజిల్ పట్టేస్తుంది అన్నాడు."

"అంతేనా?"

"అంతే."

మరదలు బస్సెక్కి అవతలివైపు కిటికీ దగ్గర కూర్చుంది. బస్సు కదిలాక తోటమ్మ రోడ్డు దాటింది. కూరగాయల బజారు వెనక ఒక నర్సరీలో కుండీలు కడిగే మనిషి కావాలన్నారని ఎవరో చెప్పారు. ఎండ ఎక్కకముందే వెళ్తే దొరకొచ్చని గబగబా నడిచింది. యజమాని ఆమె చేతులు చూసి, ఇంతకుముందు ఎక్కడ చేశావు, ఎందుకు మానేశావు అని అడిగాడు.

ఆమె జరిగింది జరిగినట్టు చెప్పింది. అతను, కుండీల వరకే చూసుకో, మందుల గదిలోకి మాత్రం రావద్దు అని పనిలో పెట్టుకున్నాడు.